మరదలి జవాబుకు పసుపు రంగు

ఇరవై ఏడేళ్ళకే పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. దండ వెయ్యలేదు, శాలువా కప్పలేదు. ఒక సోమవారం ఆఫీసుకి వెళ్తే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుని ఇకమీదట సాఫ్ట్‌వేరే చదువుకుంటుందని చెప్పారు. అప్పటిదాకా దాన్ని చదివే యంత్రం నేనే. సాయంత్రానికల్లా మా ఆఫీసులో తెలుగు డెస్క్ అని పిలవబడే కుర్చీ మీద మంచినీళ్ళ క్యాను పెట్టేశారు. ఇప్పుడు వేరేచోట వేరే పని చేసుకుంటున్నాను గాని, పదవీ విరమణ చేసినవాళ్ళకి వచ్చే జబ్బు మాత్రం నాకు అప్పుడే అంటుకుంది. చిన్నవాళ్ళు కనబడితే చాలు, కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది. ఈ ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం చొక్కాలు ఇస్త్రీ చేయించుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాసేపు ఓపిక పట్టండి.

మా ఆఫీసు జంషెడ్‌పూర్ సీతారాండేరాలో ఒక సైకిళ్ళ దుకాణం మీద ఉండేది. కంపెనీలు తాము ఎంచుకున్న విద్యార్థుల పేర్లు మాకు పంపేవి. వాళ్ళు సంతకం పెట్టి ఒప్పుకున్నాక, ఇంటర్నెట్లో అందరికీ కనబడేలా వాళ్ళు ఏమేం రాశారో, ఏ ఫోటోలు పెట్టారో మేం చూసి ఒక్కొక్కరికి ఒక రంగు ఇచ్చేవాళ్ళం. పచ్చ, పసుపు, ఎరుపు. రోడ్డు మీద పసుపు దీపం పడితే మన జంషెడ్‌పూర్ జనం బండి వేగం పెంచుతారు. కంపెనీలు మాత్రం నిజంగానే ఆగిపోతాయి. పచ్చవాళ్ళతో సీట్లు నిండాక పసుపు వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు.

మా ఇల్లున్న సిద్ధగోరాలో మా అమ్మ ఈ ఉద్యోగం గురించి పక్కింటివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేసింది. "మావోడు అందరి ఫోన్లూ సూత్తాడమ్మా." ఆ వారం నుంచి కాలనీ గ్రూపులో నాకు గుడ్‌మార్నింగులు రావడం ఆగిపోయింది. ఆ ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి లాభం అదే.

మా టీమ్ లీడర్ని అందరం మేడమ్ అనేవాళ్ళం. ధన్‌బాద్ వైపు మనిషి. అనుమానం ఉన్న వ్యాఖ్య ఏదైనా దొరికితే పైకి చదివి వినిపించడం ఆమె పద్ధతి. ఎంతటి బూతునైనా రేడియోలో వార్తలు చదివినట్టు చదివేది, మధ్యలో కమలాపండు తొన ఒకటి నోట్లో వేసుకుని. నా పక్క కుర్చీలో ఒక బెంగాలీ దాదా. ఏ ఫోటోలో గ్లాసు కనబడినా పెద్దది చేసి లోపల ఏముందో చెప్పగలనని ఆయన నమ్మకం. ఒకసారి వేయించిన శనగపిండి కలిపిన సత్తు షర్బత్ పట్టుకున్న కుర్రాడికి పసుపు వెయ్యబోతే మేడమే ఆపింది.

తప్పు దొరికినవాళ్ళని పిలిచి సంజాయిషీ అడగడం నియమం. సంజాయిషీ అందరిదీ ఒకటే. "ఐడీ హ్యాక్ అయింది సార్." నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం వెతుక్కునే ప్రతి కుర్రాడి మీదా ఎవరో అంతర్జాతీయ ముఠా పగబట్టి, వాడి పేరున హీరోయిన్ల ఫోటోల కింద కామెంట్లు పెట్టింది. మేమూ తలాడించి రాసుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో ఒకమ్మాయి పేరు నా దగ్గరికి వచ్చింది. రైలు పట్టాల పక్కనున్న బర్మామైన్స్ బస్తీ పిల్ల, పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. తండ్రి కారఖానాలో కాంట్రాక్టు కింద ఫిట్టర్ పని చేస్తాడు. యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీ మెషిన్ షాపులో ట్రైనీగా ఆమెని తీసుకుంటానంది. ఆ షాపుకి ఎంపికైనవాళ్ళలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. వాళ్ళింట్లో కాంట్రాక్టు పాసుతో కాకుండా సొంతంగా కంపెనీ పాసుతో గేటు దాటబోయే మొదటి మనిషి కూడా ఆమే. మధ్యలో అడ్డం ఉన్నది మా రంగు ఒక్కటే.

ఆమె పేజీలో వెతకడానికేం లేదు. దసరా పందిరి, కాలేజీ స్నేహితులు, నాన్నమ్మ, నీలం కోటూ కళ్ళద్దాలూ పెట్టుకుని లేత్ మెషిన్ ముందు నిలబడ్డ ఫోటో. చిక్కు వేరేచోట ఉంది. ఆ లేత్ ఫోటోని వాళ్ళ మేనత్త కొడుకు తీసుకెళ్ళి తన పేజీలో పెట్టుకున్నాడు. పైన ఇలా రాశాడు: "ఎన్ని మిషన్లు తిప్పినా ఆఖరికి మా ఇంట్లో మిక్సీయే కదే నువ్వు తిప్పేది." కింద ఈమె జవాబు: "ఆ మిక్సీలో ముందు నీ వేళ్ళే ఏత్తాను."

ఇంకో ఫోటో. అతను: "ఈ సీటు రిజర్వ్ అయిపోయింది, ఎవులూ కూకోవొద్దు." ఆమె: "కూకుంటే మేకు దిగుద్ది, సూసుకో." మరోటి. అతను: "నా కాళ్ళు పట్టుకునే రోజు వత్తాది." ఆమె: "పట్టుకుంటాను, ఇరగ్గొట్టడానికి."

వీటి కింద చుట్టాలందరూ నవ్వే బొమ్మలు, గులాబీలు కుప్ప పోశారు. ఒక పిన్నిగారైతే పప్పన్నం ఎప్పుడని అడిగింది.

నేను అనువదించి ఇచ్చాను. మేడమ్ వార్తలు చదివింది. "మొదట నీ వేళ్ళను మిక్సీలో వేస్తాను. నీ కాళ్ళు విరగ్గొడతాను." తొన నోట్లో వేసుకుని, "ఈ అమ్మాయి మెషిన్ షాపుకా?" అంది.

"మెషిన్ షాపులో వేళ్ళంటే చిన్న విషయం కాదు," అన్నాడు దాదా గంభీరంగా.

"సరసం మేడమ్," అన్నాను. "మేనత్త కొడుకు. బావా మరదళ్ళు. మాలో వరసైనవాళ్ళు ఇలాగే తిట్టుకుంటారు. తిట్టుకోకపోతేనే ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు." చిన్నాన్న కూతురు చెల్లెలెలా అవుతుందో, మేనత్త కొడుకు అన్న ఎందుకు కాడో ఆమెకి బొమ్మ గీసి మరీ చూపించాను. ఆమె ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళు మిక్సీలో వెయ్యడం కన్నా మేనత్త కొడుకుని పెళ్ళి చేసుకోవడమే ఆమెకి పెద్ద హింసగా తోచినట్టుంది.

"సరే, పిలువు. ఆ అమ్మాయి నోటితో చెప్పాలి," అంది చివరికి.

నాకు ఇందులో అనుమానమేం లేదు. పిల్ల వస్తుంది, జోక్ అంటుంది, నేను జోక్ అన్న గడిలో టిక్కు పెడతాను, పచ్చ వెలుగుతుంది, టీకి వెళ్తాం. ఆ పేజీ మొత్తం చదివినవాణ్ణి, తెలుగువాణ్ణి, ముగ్గురు మరదళ్ళున్నవాణ్ణి. నాకన్నా బాగా ఎవరికి అర్థమవుతుంది అనుకున్నాను.

ఆమె వచ్చింది. ఒక్కతే రాలేదు. వెంట పెద్దంచు చీర కట్టుకున్న ఒకావిడ. మా ఆఫీసు వెనక వీధిలోనే ఇల్లట. హిందీ బాగా వచ్చని వాళ్ళింట్లో ఆఫీసు పనులకి ఎప్పుడూ ఆవిడనే పంపుతారట. ఆవిడ ఎవరో చెప్పగానే మౌస్ మీద నా చెయ్యి ఆగింది. ఆ పిల్ల మేనత్త. వేళ్ళవాడి తల్లి.

"మనోళ్ళేనా బాబూ నువ్వు?" అంది నా మాట వినగానే. "ఏ ఊరు మీది?"

"టెక్కలి దగ్గరంట ఆంటీ. నేనెప్పుడూ చూళ్ళేదు."

"అయితే నీకు నాను సెప్పక్కర్లేదు. బావా మరదలు సరసమాడుకుంతే దానికి ఆఫీసేటి, రిపోర్టేటి?"

"మా సాఫ్ట్‌వేర్‌కి మేనత్త లేదు ఆంటీ," అన్నాను.

ఆవిడ నవ్వింది. పిల్ల నవ్వలేదు. వచ్చినప్పట్నుంచీ వాళ్ళత్త తెలుగులో ఏమడిగినా హిందీలోనే పొడిగా జవాబిస్తోంది. కూర్చో అంటే "ఠీక్ హై", నీళ్ళు తాగు అంటే "నహీఁ". మన పిల్లలందరూ అంతే కదా అని నేను పట్టించుకోలేదు.

ఆవిడ మేడమ్ వైపు తిరిగి చక్కటి హిందీలో, ఇదంతా ఇంట్లో పరాచికమనీ, ఈ పిల్ల రేపు మా ఇంటికొచ్చే కోడలేననీ, చిన్నప్పటి నుంచీ అనుకున్నదేననీ చెప్పింది. మేడమ్‌కి ఊపిరి ఆడింది. సంజాయిషీ గడిలో సరిపోయే సంజాయిషీ ఇన్నాళ్ళకి దొరికింది, అందులో హ్యాక్ అన్న మాట కూడా లేదు. అయినా నియమం నియమమే. పిల్లని అడిగింది.

"మజాక్ థా?" జోకేనా అని.

ఒక్క "హాఁ" చాలు. నా వేలు టిక్కు మీదే ఉంది.

ఆమె మేడమ్‌ని చూడలేదు. వాళ్ళత్త వైపు తిరిగింది. అంతసేపూ హిందీలో మాట్లాడిన పిల్ల తెలుగులో అంది. "సరసం కాదత్తా. నిజంగానే అన్నాను. అన్నిసార్లూ నిజంగానే అన్నాను."

"సూసినావా బాబూ," అంది ఆవిడ నాతో, ఇంకా నవ్వుతూనే. "ఇలగే ఉంతాది దీని నోరు. మావోడికి అందుకే ఇట్టం."

"క్యా బోలీ?" ఏమందని అడిగింది మేడమ్.

తెలుగు డెస్క్ అంటే నేనే కాబట్టి నేనే చెప్పాలి. ఒక పక్క ఆవిడ నవ్వు మొహం, ఇంకో పక్క పిల్ల. నా అనువాదాలు ఎప్పుడూ కొంచెం మసాలాతో ఉండేవి. ఆ రోజు ఉప్పు కూడా వెయ్యకుండా చెప్పాను.

మేడమ్ కమలాపండు బల్ల మీద పెట్టింది. "అంటే నిజంగా అతని వేళ్ళు మిక్సీలో వేస్తావా?"

"మా ఇంట్లో మిక్సీ లేదు మేడమ్," అంది పిల్ల హిందీలో. "నాన్నమ్మ రోట్లోనే రుబ్బుతుంది."

దాదాకి దగ్గొచ్చింది. నాకు రావలసింది కూడా ఆయనే దగ్గాడు.

"మరి ఆ మాటకి అర్థమేంటి?"

"వద్దని. మొదట మామూలుగానే వద్దన్నాను, నవ్వారు. గట్టిగా అన్నాను, ఇంకా నవ్వారు. వేళ్ళ దాకా వెళ్ళాక కూడా లైకులే వచ్చాయి. ఇంకెలా చెప్పాలో తెలీలేదు."

సినిమాల్లో అయితే ఇక్కడ వీణ తీగ తెగుతుంది. మా దగ్గర కింద దుకాణంలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు.

అప్పటికి గాని మేనత్త నవ్వు ఆగలేదు. "మీ నాన్నతో సెప్తాను," అంటూ లేచింది.

"చెప్పత్తా."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. పిల్ల కోసం ఆగలేదు.

ఇప్పుడు మా పని చూడండి. తెర మీద ఉన్నవి మూడు గడులు. జోక్, బెదిరింపు, చెప్పలేం. వద్దు అన్న గడి లేదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడికి మరదలు లేదో, ఉండి అడగలేదో మరి. మొదటిది నొక్కితే పచ్చ. రెండోది ఎరుపు. మూడోది పసుపు.

మేడమ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు గొంతు తగ్గించి అన్నాను. "చెల్లీ, జోక్ అని కొట్టేస్తాను. మీ అత్తకి ఏం చెప్పాలో చెప్పేశావు కదా. ఈ రిపోర్టు మీ ఇంట్లో ఎవరు చదువుతారు? సీటు ముఖ్యం."

ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"సీటొస్తే ఎలా వచ్చిందని అడుగుతారు భైయ్యా. జోక్ అంటేనే వచ్చిందని మా అత్తకి తెలుసు. రేపు నాన్నతో ఏమంటాదంటే, ఆఫీసోళ్ళు కూడా సరసమే అని రాసినారు, మీ కూతురు సంతకం పెట్టింది అంటాది. ఇన్నాళ్ళూ నోటిమాట. దానికి మీరు ముద్ర కూడా వేసిస్తారా?"

ఈలోగా మేడమ్ వచ్చి, పిల్ల జోక్ అననంటోందని నా నోట విని, ఇంకో దారి చెప్పింది. "ఆ జవాబులు ఇప్పుడే తీసెయ్. తొలగించింది అని రాస్తాను. పచ్చే వస్తుంది."

ఆమె ఫోను తీసింది. తెరిచింది. లేత్ ఫోటో దగ్గర ఆగింది. "ఇది ఆయన పేజీ మేడమ్. ఆయన రాసినది నేను తియ్యలేను. నాది తీసేస్తే ఆయనది ఒక్కటే మిగులుతుంది. చూసేవాళ్ళు ఊరుకుంది, ఒప్పుకుంది అనుకోరూ?"

ఫోను మూసి బ్యాగులో పెట్టుకుంది.

వాదించడంలో మేడమ్‌కి మంచి పేరుంది. ఆ రోజు ఒక్క మాట కూడా వాదించలేదు. నన్ను కుర్చీలోంచి లేపి తనే కూర్చుంది. చెప్పలేం అన్న గడి నొక్కింది. కింద రిమార్కుల్లో రెండు వేళ్ళతో టైపు చేసింది: ఈ వ్యాఖ్యలు అభ్యర్థి పెళ్ళికి ఒప్పుకోనని చెప్పిన మాటలు. నిజమేనని స్వయంగా ఒప్పుకుంది. వెనక్కి తీసుకోలేదు. ఈమె వల్ల ఎవరికీ ప్రమాదం లేదని మా అభిప్రాయం.

పైన మాత్రం పసుపు వెలిగింది.

తర్వాత మేడమ్ ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేసింది. కంపెనీకి తనే ఫోన్ చేసి రిమార్కులు చదివారా అని అడిగింది. అవతలివాళ్ళు మర్యాదగానే చెప్పారు. "రంగు చూశాం మేడమ్. పచ్చవాళ్ళు సరిపోయారు." ఆమె ఫోను పెట్టేసి కమలాపండు ఒలిచి, గింజలతో సహా తినేసింది.

ఆ సీటు ఒక కుర్రాడికి వెళ్ళింది. వాడి పేజీ కూడా నేనే చూశాను. గులాబీలు, సూర్యోదయాలు, క్రికెట్ స్కోర్లు. పుట్టినప్పట్నుంచీ ఎవరికీ ఏ జవాబూ ఇచ్చినట్టు లేదు. స్వచ్ఛమైన పచ్చ. వాడి తప్పేం లేదు, బాగా పని చేస్తున్నాడని విన్నాను. ఇక మన బావగారు ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు. కాబట్టి మా లెక్కలో ఆయనకి ఏ రంగూ లేదు. అన్నీ మొదలుపెట్టినవాణ్ణి వదిలేసి, జవాబిచ్చినదాన్ని పిలిచి కూర్చోబెట్టాం. మా జీతం దానికే.

ఇక్కడ మీకు నీతి చెప్పాలి. పదవీ విరమణ చేసినవాడి హక్కు అది. మొదట్లో నేనూ అందరిలాగే చెప్పేవాణ్ణి, పిచ్చి పిచ్చివన్నీ తుడిచెయ్యండి అని. నా మాట విని ఒకడు ఖాతా మొత్తం తుడిచేస్తే, ఇంత ఖాళీగా ఉందేమిటి, ఏం దాస్తున్నాడని ఇంకో కంపెనీ అనుమానపడింది. అందుకని ఇప్పుడు నాకు తెలిసినంతే చెప్తాను. మీ పేజీ ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకండి. మీ గురించి ఇతరులు తమ పేజీల్లో ఏం పెట్టారో, దాని కింద మీరేమన్నారో కూడా చూసుకోండి. చూసేవాడు మీ మాట ఒక్కటే తీసి చదువుతాడు, దాని ముందున్నది చదవడు. ముందున్నది కూడా ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. అడిగేదాకా ఆగకుండా ఇంటర్వ్యూలో మీరే చెప్పండి. దీంతో ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వను. ఆమె అంతా చెప్పింది, అయినా రాలేదు. అడిగితే హ్యాక్ అయింది అని మాత్రం చెప్పకండి. ఆ ముఠా కూడా ఈపాటికి పదవీ విరమణ చేసి ఉంటుంది.

ఆమె ఇప్పుడు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఉంది. అక్కడ రంగులు లేవు. ఒక యజమాని, నాలుగు లేతులు. కంపెనీ పాసు ఇంకా రాలేదు.

ఫలితం వచ్చిన రోజు నేనే ఆమెకి ఫోన్ చేశాను. అది నా పనిలో భాగం కాదు. పేరు లేదని చెప్పాను. అటు నుంచి ఏదో హోరు తప్ప మాట వినబడలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. గూడ్సు బండి వెళ్తోందట. బర్మామైన్స్‌లో మనిషికి ఎంత బాధ వచ్చినా గూడ్సు వెళ్ళేదాకా ఆగే బాధపడాలి.

"సరే భైయ్యా," అంది బండి వెళ్ళాక. "అనుకున్నదే."

"ఇంట్లో ఎలా ఉంది?"

"అత్త ఆ రోజే వచ్చి నాన్నకి చెప్పేసింది. ఆఫీసులో, పదిమంది ముందు పరువు తీసింది అని."

మేం ఉన్నది ముగ్గురమే.

"నాన్న నన్ను పిలిచాడు. ఎవులో ఆఫీసోళ్ళకి సెప్పినావు, ఇట్టం లేదని నాకెందుకు సెప్పలేదే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సెప్పినాను నాన్నా, నువ్వూ నవ్వినావు అన్నాను. నమ్మలేదు. ఫోన్ తీసి చూపించాను. మిక్సీ అన్నాడు కదా, ఆ ఫోటో. కింద నవ్వే బొమ్మల్లో నాన్న పేరు కూడా ఉంది."

మరి ఆయనేమన్నాడని అడిగాను.

"చాలాసేపు దాన్నే చూశాడు భైయ్యా. నాన్నకి అవి నొక్కడం వచ్చు గాని తియ్యడం రాదు. తన ఫోను నా చేతికిచ్చి, నాది తీసెయ్యి అన్నాడు. తీసేదాకా పక్కనే నిలబడ్డాడు. పోయిందా అని అడిగాడు. పోయింది నాన్నా అన్నాను. అప్పుడెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు, అత్త వాళ్ళింటికి వెళ్ళడానికి."